పిల్లలతో కలిసి నమూనా ఇంజనును బిగించడం ఎలా?

కారు ఇంజను లోపల ఏం జరుగుతుందో కళ్ళారా చూడడానికి పారదర్శకమైన ప్లాస్టిక్‌తో చేసిన నాలుగు సిలిండర్ల నమూనా కిట్లు దొరుకుతున్నాయి. వీటిలో సిలిండర్లలో ఎక్కి దిగే పిస్టన్లు, వాటి కదలికతో గుండ్రంగా తిరిగే క్రాంక్ షాఫ్ట్, గాలిని లోపలికి, పొగను బయటికి వదిలే వాల్వులు, వాటిని నొక్కి తెరిచే క్యామ్ షాఫ్ట్, మంట రాజేసే స్పార్క్ ప్లగ్గుల స్థానంలో చిన్న దీపాలు, వీటన్నిటినీ తిప్పడానికి ఒక బ్యాటరీ మోటారు ఉంటాయి. పెట్రోలు, మంట, పొగ ఉండవు. విడి భాగాలు వంద దాకా, కొన్ని కిట్లలో అంతకు మించి ఉంటాయి కనుక ఒక్క పూటలో ముగించాలని కూర్చుంటే పెద్దవాళ్ళకే ఓపిక చాలదు. పూటకు గంట, గంటన్నర చొప్పున నాలుగైదు ఆదివారాలకు పంచుకోవడం మంచిది.

మా అమ్మాయితో మొదటి కిట్ మొదలుపెట్టినప్పుడు మేము పుస్తకంలోని బొమ్మలను వరుసగా అనుసరిస్తూ ఇంజను పై భాగమైన హెడ్డు వరకు బిగించేశాము. చివరికి మోటారు కలిపి స్విచ్ వేస్తే ఇంజను కదలలేదు. తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి బిగించిన స్క్రూలన్నీ ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోతే, అన్నిటికన్నా అడుగున, క్రాంక్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే మూడో బేరింగ్ క్యాప్ వెనక్కి తిరగబడి ఉంది. అప్పటి నుంచి నేను తప్పకుండా పాటించే నియమం ఒక్కటే: ఏ భాగం బిగించినా సరే, తరువాతి భాగాన్ని చేతిలోకి తీసుకునే ముందు క్రాంకును, అంటే క్రాంక్ షాఫ్ట్‌ను, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడాలి. ఒక చుట్టు కాకుండా రెండు ఎందుకో వాల్వుల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

కూర్చునే ముందు

తొమ్మిది, పదేళ్ళు నిండిన పిల్లలు పెద్దల తోడుతో ఈ పని చక్కగా చేయగలరు. ఇంట్లో నోట్లో వస్తువులు పెట్టుకునే వయసు పిల్లలు ఉంటే వాళ్ళు నిద్రపోయే వేళనే ఎంచుకోండి, ఎందుకంటే వాల్వు స్ప్రింగులు, చిన్న స్క్రూలు గొంతుకు అడ్డం పడేటంత చిన్నవి. కిట్‌లో బొత్తాం ఆకారపు బ్యాటరీలు ఉంటే వాటిని మింగడం ప్రాణాపాయం కనుక, లెక్కపెట్టి, పని అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.

కావలసిన పనిముట్లు కొద్దివే. కొనకు అయస్కాంతం ఉన్న చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, భాగాలను ఫ్రేము నుంచి కత్తిరించడానికి చిన్న కటింగ్ ప్లేయర్, అంచులు నునుపు చేయడానికి సన్న ఉప్పుకాగితం, ఒక స్కేలు ఉంటే చాలు. స్క్రూలను, స్ప్రింగులను, వాల్వులను విడివిడిగా ఉంచుకోవడానికి వంటింట్లో వాడకం తగ్గిన పాత పోపులపెట్టెను మించింది నాకు కనబడలేదు. ఏడు గిన్నెలు, పైన ఒక మూత ఉంటాయి కాబట్టి పని సగంలో ఆపవలసి వచ్చినా ఏదీ కలిసిపోదు. పని మొత్తం అంచులున్న పెద్ద స్టీలు పళ్ళెంలో సాగితే కింద పడిన స్క్రూ కోసం మంచాల కింద వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది.

భాగాల సంఖ్యలు చాలా కిట్లలో ఫ్రేము మీదే అచ్చు వేసి ఉంటాయి. పిల్లలకు అన్నిటినీ ఒకేసారి కత్తిరించి కుప్ప పోయాలని ఉబలాటంగా ఉంటుంది కానీ, అలా చేస్తే పొగను పంపే ఎగ్జాస్ట్ వాల్వు ఏదో, గాలిని పీల్చే ఇన్‌లెట్ వాల్వు ఏదో తరువాత పోల్చుకోలేరు. ఆ పూట పనికి అవసరమైనవి మాత్రమే కత్తిరించండి. చేత్తో మెలితిప్పి విరిచితే భాగంలో నుంచి ముక్క ఊడివస్తుంది కనుక, మొదట ఒక మిల్లీమీటరు కాడ మిగిలేటట్లు కత్తిరించి, ఆ తరువాత కాడను ఉప్పుకాగితంతో రుద్దించండి. ముఖ్యంగా పిస్టన్ల పక్కన, బేరింగులు కూర్చునే చోట్ల మిగిలిన ఆ చిన్న కాడే తరువాత ఇంజను బిగుసుకుపోవడానికి కారణమవుతుంది.

స్క్రూడ్రైవర్ పిల్లల చేతిలోనే ఉండాలి. వాళ్ళు తడబడుతుంటే లాక్కుని చకచకా బిగించి ఇవ్వాలనిపించడం సహజమే, కానీ మీరు చేయవలసినది భాగాన్ని కదలకుండా పట్టుకోవడం, పుస్తకంలోని వాక్యాన్ని చదివి వినిపించడం, ఇప్పుడు తిప్పి చూశావా అని అడగడం.

స్క్రూ బిగించే పద్ధతి

ప్లాస్టిక్‌లోకి వెళ్ళే స్క్రూ తన మరను తానే కోసుకుంటూ దిగుతుంది. విప్పి మళ్ళీ బిగించేటప్పుడు పాత మరను వదిలి కొత్తది కోస్తే, రెండు మూడు సార్లకే ఆ రంధ్రం వదులై స్క్రూ పట్టదు. అందువల్ల స్క్రూను రంధ్రంలో నిలబెట్టి మొదట వెనక్కి, అంటే విప్పే వైపుకు, మెల్లగా తిప్పించండి. ఒకచోట టక్కుమని చిన్నగా కిందికి దిగినట్లు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి బిగించే వైపు తిప్పితే పాత మరలోనే పోతుంది. పిల్లలు ఈ విద్యను ఒక్కసారి పట్టుకుంటే మరిచిపోరు. స్క్రూ తల ఉపరితలానికి ఆనిన తరువాత పావు చుట్టు చాలు, ఇంకా బలం చూపిస్తే పారదర్శక ప్లాస్టిక్ సన్నగా బీటలు వారుతుంది.

క్రాంక్ షాఫ్ట్

మొదట సిలిండర్లు ఉండే బ్లాకును తలకిందులుగా పెట్టి క్రాంకును దాని గూళ్ళలో కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టే ముందు క్రాంకును పిల్లల చేతికిచ్చి పక్క నుంచి చూడమనండి. నాలుగు మెలికల్లో ఒకటోది, నాలుగోది ఒక వైపుకు, రెండోది, మూడోది ఎదురు వైపుకు ఉంటాయి. ఒకటి, నాలుగు పిస్టన్లు కలిసి ఎక్కితే రెండు, మూడు కలిసి దిగుతాయన్న మాట. ఈ సంగతి ఇక్కడే గట్టిగా మనసున పట్టకపోతే తరువాత టైమింగ్, అంటే వాల్వుల కదలికను పిస్టన్ల కదలికతో కుదర్చడం, అంతా అయోమయంగా ఉంటుంది.

బేరింగ్ క్యాపులకు ముందు వైపు ఏదో తెలిపే బాణం గుర్తు గానీ, ఒక పక్క చిన్న గాటు గానీ ఉంటుంది. అన్ని క్యాపుల గుర్తులూ ఒకే వైపు చూస్తున్నాయో లేదో పిల్లలచేత వేలు పెట్టి లెక్కపెట్టించండి. మొదట మధ్య క్యాపును సగం మాత్రమే బిగించి క్రాంకును తిప్పండి, తరువాత చివరి క్యాపులు సగం, మళ్ళీ తిప్పడం, ఆ తరువాత అన్నీ పూర్తిగా. ఏ స్క్రూ బిగించినప్పుడు తిరగడం బరువైందో అప్పటికప్పుడే తెలుస్తుంది కనుక దోషం ఎక్కడుందో వెతకనక్కర లేదు. కిట్‌తో గ్రీజు ఇస్తే బేరింగుల దగ్గర ఆవగింజంత పూయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేయకండి. అది 24 డిగ్రీల వేడికి అటూ ఇటూగా గడ్డకడుతుంది కనుక శీతాకాలంలో ఇంజను మొరాయిస్తుంది.

పిస్టన్లు

గజన్ పిన్ అనే చిన్న కడ్డీని దూర్చి పిస్టనును, క్రాంకు దాకా వెళ్ళే కనెక్టింగ్ రాడ్‌కు కలపడం పిల్లలకు చాలా ఇష్టమైన పని. పిన్ దూర్చిన తరువాత రాడ్ తన బరువుకే ఇటూ అటూ ఊగాలి, ఊగకపోతే రంధ్రం అంచును కొంచెం గీకాలి. ఒకటో పిస్టన్, నాలుగో పిస్టన్ ముందు బిగించి రెండు చుట్లు తిప్పండి, తరువాత రెండు, మూడు. ఇక్కడ ఒక ప్రశ్న వేయండి: మనం క్రాంకును తిప్పితే పిస్టన్ కదులుతోంది, మరి అసలు ఇంజనులో ఎవరు ఎవరిని తిప్పుతారు? అసలు ఇంజనులో మండిన వాయువు పిస్టనును కిందికి నెడితే, పిస్టన్ రాడ్ ద్వారా క్రాంకును తిప్పుతుంది. మన నమూనాలో బలం ఎదురు దారిలో నడుస్తుంది. అయితే అది కల్పన కాదు, మోటారు సైకిలును కిక్కు కొట్టేటప్పుడు, కారులో సెల్ఫ్ స్టార్టర్ గిర్రున తిరిగేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. ఎప్పటికీ స్టార్టవుతూనే ఉండే ఇంజనుగా ఈ నమూనాను భావించమంటే పిల్లలకు తేలికగా అర్థమవుతుంది. ఊళ్ళో పొలానికి నీళ్ళు తోడే పాత డీజిల్ ఇంజనును తాతయ్యలు హ్యాండిల్ వేసి తిప్పి స్టార్టు చేయడం చూసిన పిల్లలుంటే ఆ ఉదాహరణ ఇంకా బాగా నాటుకుంటుంది.

వాల్వులు, రెండు చుట్ల లెక్క

నాలుగు సిలిండర్లకు రెండేసి చొప్పున ఎనిమిది వాల్వులుంటాయి. వాల్వు కాడకు స్ప్రింగు తొడిగి, వేలితో నొక్కి పట్టి, పైన బిళ్ళ బిగించాలి. స్ప్రింగు జారితే కంటి వరకు ఎగురుతుంది కనుక ఈ పని జరుగుతున్నంతసేపు పిల్లలకు చలువ కళ్ళద్దాలైనా పెట్టండి. లేదా వాళ్ళు స్ప్రింగును పలుచని ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి బిగించవచ్చు, జారినా సంచిలోనే పడుతుంది. ప్రతి వాల్వునూ బిగించాక వేలితో నొక్కి వదిలి, అది టక్కున తిరిగి మూసుకుంటున్నదో లేదో చూడాలి.

ఇక రెండు చుట్ల సంగతి. గాలి, పెట్రోలు మిశ్రమాన్ని లోపలికి పీల్చడం, దాన్ని నొక్కడం, మండి నెట్టడం, పొగను బయటికి పంపడం అనే నాలుగు స్ట్రోకులకు పిస్టన్ రెండుసార్లు దిగి రెండుసార్లు ఎక్కుతుంది. అంటే క్రాంకు రెండు చుట్లు, 720 డిగ్రీలు, తిరిగితే గానీ ఒక వరుస పూర్తి కాదు. ఈ పద్ధతిలో నడిచే ఇంజనును జర్మనీలో నికోలస్ ఒట్టో అనే ఆయన 1876లో విజయవంతంగా నడిపించాడు. ఈనాటి పెట్రోలు కార్లలోనూ, మన వీధుల్లో తిరిగే మోటారు సైకిళ్ళలోనూ నడిచేది ఆ వరుసే. ఒక్కో వాల్వు ఈ రెండు చుట్లలో ఒక్కసారే తెరుచుకోవాలి కనుక, వాల్వులను నొక్కే క్యామ్ షాఫ్ట్ క్రాంకు వేగంలో సగం వేగంతో తిరగాలి. అందుకే క్యామ్ పళ్ళచక్రానికి క్రాంకు పళ్ళచక్రం కన్నా సరిగ్గా రెట్టింపు పళ్ళుంటాయి. ఈ వాక్యం చదివి వినిపించకుండా, రెండు చక్రాలనూ పిల్లల ముందు పెట్టి పళ్ళు లెక్కపెట్టమనండి. లెక్క తేలిన క్షణాన వాళ్ళ ముఖం చూడవలసిందే.

మండే వరుసను ముందు గుంజీళ్ళతో నేర్పండి

టైమింగ్ బిగించే ముందు పది నిమిషాలు లేచి నిలబడి ఆడవలసిన ఆట ఇది. నలుగురు వరుసగా నిలబడాలి. పిల్లలు తక్కువైతే అమ్మ, నాన్న, బాబాయి ఎవరైనా సరే. ఒకటో మనిషి, నాలుగో మనిషి కలిసి గుంజీలు తీసినట్లు కూర్చుంటే, రెండో, మూడో మనుషులు కలిసి లేవాలి. తరువాత తారుమారు. కూర్చోవడం అంటే పిస్టన్ దిగడం, లేవడం అంటే ఎక్కడం. ప్రతిసారీ కూర్చునే ఇద్దరిలో ఒక్కరు మాత్రమే చప్పట్లు కొట్టాలి, చప్పట్లు అంటే ఆ సిలిండరులో మిశ్రమం మండి నెడుతున్నట్లు. చప్పట్ల వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. నాలుగు సిలిండర్ల కారు ఇంజనుల్లో ఎక్కువగా కనబడే వరుస ఇదే. మీ కిట్ పుస్తకంలో ఒకటి, రెండు, నాలుగు, మూడు అని ఉంటే దాన్నే పాటించండి, అదీ సరైనదే.

ఆట రెండు మూడు వరుసలు కుదిరాక ఒక్కసారి ఆపి, ఒకటో మనిషి చప్పట్లు కొడుతూ కూర్చుంటున్నప్పుడు మిగిలినవాళ్ళు ఏ పనిలో ఉన్నారో అడగండి. నాలుగో మనిషీ కూర్చుంటున్నాడు కానీ చప్పట్లు లేవు, అంటే గాలి పీలుస్తున్నాడు. మూడో మనిషి లేస్తున్నాడు, తరువాత చప్పట్లు అతనివే కనుక మిశ్రమాన్ని నొక్కుతున్నాడు. రెండో మనిషి ఇంతకు ముందే చప్పట్లు కొట్టి లేస్తున్నాడు కనుక పొగ పంపుతున్నాడు. ఈ నాలుగు జవాబులూ పిల్లలే చెప్పగలిగిన రోజున టైమింగ్ బిగించండి, అంతకు ముందు వద్దు.

టైమింగ్

క్రాంకును తిప్పి ఒకటో పిస్టనును పూర్తిగా పైకి, మెకానిక్కులు టీడీసీ (టాప్ డెడ్ సెంటర్) అనే స్థానానికి తీసుకురండి. అప్పుడు క్రాంకు చక్రం మీది గుర్తు బ్లాకు మీది గుర్తుకు ఎదురుగా నిలవాలి. ఇప్పుడు క్యామ్ చక్రం గుర్తును హెడ్డు మీది గుర్తుకు కలిపి, ఆ రెండూ చెదరకుండా, రెండు చక్రాలనూ కలిపే పళ్ళ బెల్టు తొడగండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, కానీ గుర్తులను నమ్మి ఊరుకోకుండా వాల్వులను కూడా చూడడం అవసరం. ఒకటో పిస్టన్ పైన ఉండే సందర్భాలు రెండు చుట్లలో రెండు: ఒకటి మండబోయే ముందు, రెండోది పొగ పంపి ముగించినప్పుడు. గుర్తులు మండబోయే సందర్భానికి పెట్టినవైతే ఒకటో సిలిండరు క్యామ్ బొడిపెలు రెండూ వాల్వులకు దూరంగా ఉండి, రెండు వాల్వులూ మూసి ఉండాలి. నాలుగో సిలిండరు దగ్గర మాత్రం పొగ వాల్వు మూసుకోబోతూ, గాలి వాల్వు తెరుచుకోబోతూ ఉంటుంది. అలా కనబడితే సరిగ్గా కుదిరినట్లే.

బెల్టు ఒక్క పన్ను జరిగితే ఎంత తేడా వస్తుందో పిల్లలచేత లెక్క వేయించండి. ఉదాహరణకు క్రాంకు చక్రానికి 20, క్యామ్ చక్రానికి 40 పళ్ళుంటే, ఒక పన్ను అంటే క్యామ్ దగ్గర 9 డిగ్రీలు, క్రాంకు దగ్గర 18 డిగ్రీలు. అసలు ఇంజనులో అంత తేడా వస్తే బండి సరిగ్గా లాగదు. కొన్ని ఇంజనుల్లో బెల్టు పూర్తిగా తెగితే తెరుచుకుని ఉన్న వాల్వును పిస్టన్ కొట్టి వంచేస్తుంది. అందుకే టైమింగ్ బెల్టు ఉన్న కార్లకు నిర్ణీత కిలోమీటర్లు నడిచాక దాన్ని మార్చమంటారు.

హెడ్డు స్క్రూలను మధ్య నుంచి మొదలుపెట్టి ఐమూలగా, ఒకటి ఇటు, ఒకటి అటు, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక కొసనుంచి వరుసగా బిగిస్తే హెడ్డు ఒక పక్కకు ఒరిగి పారదర్శక పలక ఒత్తిడికి లోనవుతుంది. తరువాత, అలవాటు ప్రకారం, రెండు చుట్లు.

దీపాలు, మోటారు

స్పార్క్ దీపాల తీగలను పుస్తకంలోని రంగుల ప్రకారం కలపండి. ఎల్‌ఈడీ దీపం కరెంటు ఒక దిశలో పారితేనే వెలుగుతుంది కనుక వెలగకపోతే ముందుగా తీగలు తారుమారు చేసి చూడాలి. దీపాల వరుస గుంజీళ్ళలో చప్పట్ల వరుసతో కలవాలి. మోటారు కలపకుండా చేత్తో మెల్లగా తిప్పుతూ, ప్రతి దీపమూ ఆ సిలిండరు పిస్టన్ పైకి చేరి రెండు వాల్వులూ మూసి ఉన్న సమయంలోనే వెలుగుతున్నదో లేదో పిల్లలనే తీర్పు చెప్పమనండి.

ఆ తరువాతే మోటారు. స్విచ్ వేయగానే ఇంజను తిరగకుండా మోటారు మూలుగుతుంటే వెంటనే ఆపేయండి. తిరగలేక ఆగిపోయిన మోటారు అన్నిటికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగలూ బ్యాటరీలూ వేడెక్కుతాయి. మోటారు విడదీసి మళ్ళీ చేత్తో తిప్పి, ఎక్కడ తట్టుకుంటుందో గమనించండి. ప్రతి చుట్టులోనూ ఒకే చోట తట్టుకుంటుంటే దోషం కింది భాగంలో, అంటే క్రాంకు, రాడ్, పిస్టన్లలో ఉంది. రెండు చుట్లకు ఒకసారి తట్టుకుంటుంటే దోషం పైన, ఒక వాల్వు దగ్గర గానీ క్యామ్ దగ్గర గానీ ఉంది, ఎందుకంటే క్యామ్ సగం వేగంతో తిరుగుతుంది. చుట్టంతా ఒకే రకంగా బరువుగా ఉంటే ఏదో స్క్రూ అతిగా బిగిసింది. ఈ ఒక్క పరీక్షతో నేను సగం ఇంజను విప్పే శ్రమను చాలాసార్లు తప్పించుకున్నాను.

తిరుగుతున్న ఇంజనుతో చేయగల లెక్కలు

ఒకటో దీపం అర నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టించండి. 45 సార్లు అనుకుంటే నిమిషానికి 90, దానికి రెట్టింపు 180, అదే క్రాంకు నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య. కారు కదలకుండా ఆగి ఉండి, ఇంజను మాత్రం నడుస్తుంటే అది నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్కో ప్లగ్గు నిమిషానికి 400 సార్లు, సెకనుకు ఆరేడు సార్లు మెరుస్తున్నదని పిల్లలే చెబుతారు.

తరువాత సిలిండరు వ్యాసాన్ని, పిస్టన్ పై కొస నుంచి కింది కొస వరకు కదిలే దూరాన్ని, అంటే స్ట్రోకును, స్కేలుతో కొలవండి. వ్యాసం 2.4 సెంటీమీటర్లు, స్ట్రోకు 2 సెంటీమీటర్లు అయితే ఒక సిలిండరుకు సుమారు 9, నాలుగింటికీ కలిపి 36 సీసీ, అంటే ఘన సెంటీమీటర్లు. ఇప్పుడు ఇంట్లోని బండి ఆర్‌సీ తెచ్చి అందులో రాసిన సీసీ సంఖ్యను చూపించండి. 50 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వ్యాసం), 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న స్ప్లెండర్ ఇంజనుకు ఇదే లెక్క వేస్తే 97.2 వస్తుంది. పాత బుల్లెట్‌కు 70, 90 మిల్లీమీటర్లతో వేస్తే 346 వస్తుంది. వందలసార్లు విన్న సీసీ అనే మాట ఒక స్తూపం ఘనపరిమాణమని, బడిలో నేర్చుకున్న సూత్రమే దానికి సరిపోతుందని తెలిసినప్పుడు మా అమ్మాయి వీధిలో నిలిపిన ప్రతి బండి సీసీ అడగడం మొదలుపెట్టింది.

వారం తరువాత ఇంజనును పిల్లల చేతికిచ్చి, హెడ్డు విప్పి, బెల్టును కావాలనే ఒక పన్ను జరిపి మళ్ళీ బిగించమనండి. దీపం వెలిగే సమయానికీ, వాల్వు మూసుకునే సమయానికీ మధ్య వచ్చిన తేడాను కనిపెట్టి, దాన్ని సరిచేసే బాధ్యత వాళ్ళదే. మీరు పక్కనే కూర్చోండి, కానీ స్క్రూడ్రైవర్ ముట్టుకోకండి. బీరువా మీద పెట్టే ముందు బ్యాటరీలు తీసేయండి. నెలల తరబడి అలాగే వదిలేస్తే అవి కారి, లోపలి స్ప్రింగులను తినేస్తాయి.